పదిహేను నిమిషాల ఖరీదు

అమెరికాలో అవుట్‌పేషెంట్ క్లినిక్‌లో పనిచేసే ఫిజికల్ థెరపిస్టులకి ఏడాది మొదట్లో తరచుగా ఒక మాట వినబడుతుంది: "మెడికేర్ మళ్లీ రేటు తగ్గించింది, కాబట్టి ఇకనుంచి రోజుకి ఇంకో ఇద్దరు పేషెంట్లని చూడాలి." ఇందులో మొదటి సగం 2021 నుంచి 2025 దాకా నిజమే. రెండో సగం మాత్రం క్లినిక్ యాజమాన్యం తీసుకున్న నిర్ణయం. అది ప్రభుత్వం పెట్టిన నిబంధన అన్నట్టుగా మన చెవిన పడుతుంది. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో బీపీటీ చదివి, పరీక్షలు రాసి, వీసా మీద వెళ్లి టెక్సాస్‌లోనో మిషిగన్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న మన పిల్లలకి మోకాలు ఎలా వంచాలో, భుజం ఎలా తిప్పించాలో బాగా తెలుసు. తాము చేసిన పదిహేను నిమిషాల పని డబ్బుగా ఎలా మారుతుందో తెలిసినవాళ్లు తక్కువ. అది తెలియకపోతే జీతం గురించి, పని గంటల గురించి, చివరికి తమ లైసెన్సు గురించి కూడా ఎదుటివాళ్లు చెప్పిన లెక్కకే తల ఊపాల్సి వస్తుంది.

లెక్క మొదటి నుంచీ చూద్దాం. అమెరికా ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌లో అవుట్‌పేషెంట్ సేవలు చూసే పార్ట్ బీలో ప్రతి సేవకీ ఒక కోడ్ ఉంటుంది. వ్యాయామానికి 97110, చేతితో చేసే మాన్యువల్ థెరపీకి 97140, రోజువారీ కదలికలు నేర్పే థెరప్యూటిక్ యాక్టివిటీస్‌కి 97530. ఒక్కో కోడ్‌కి మూడు భాగాల విలువ కడతారు: థెరపిస్టు శ్రమ, క్లినిక్ నడిపే ఖర్చు, మాల్‌ప్రాక్టీస్ బీమా ఖర్చు. ఊరిని బట్టి వాటిని కాస్త సవరించి, కలిపి, ఆ మొత్తాన్ని కన్వర్షన్ ఫ్యాక్టర్ అనే ఒక డాలర్ల అంకెతో హెచ్చిస్తారు. ఏటా వార్తల్లోకి వచ్చేది ఈ అంకే. 2020లో అది 36.09 డాలర్లు. 2021లో 34.89కి, 2022లో 34.61కి, 2023లో 33.89కి దిగింది. 2024 మార్చిలో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) సర్దుబాటు చేశాక 33.29, 2025లో 32.35. ఐదేళ్లలో పది శాతానికి పైగా పోయింది. అదే ఐదేళ్లలో అద్దెలు, జీతాలు, కరెంటు బిల్లులు ఎంత పెరిగాయో క్లినిక్ నడిపేవాళ్లని అడిగితే చెబుతారు. యజమానుల బాధని కొట్టిపారేయడానికి వీల్లేదు. వాళ్లలో చాలామంది ఒకప్పుడు మనలాగే టేబుల్ పక్కన నిలబడి పనిచేసినవాళ్లే.

ఈ కోత థెరపిస్టుల మీద కోపంతో పెట్టింది కాదు. ఫీజుల పట్టికలో మార్పుల వల్ల ఏడాదికి రెండు కోట్ల డాలర్లకి మించి ఖర్చు పెరిగితే, ఆ పెరుగుదలని మిగతా కోడ్‌ల నుంచి కోసి సర్దాలని చట్టం చెబుతుంది. 2021లో డాక్టర్ల విజిట్ కోడ్‌ల విలువ పెంచారు. ఆ డబ్బు మిగతావాళ్ల దగ్గర్నుంచి రావాల్సి వచ్చింది. ఆ విజిట్ కోడ్‌లు వాడని ఫిజికల్ థెరపిస్టులకి పెరుగుదల పెద్దగా అందలేదు, కోత మాత్రం అందింది. మొదట ప్రతిపాదించిన కోత తొమ్మిది శాతం దాకా ఉంది. పార్లమెంటు కొంత డబ్బు వేసి దాన్ని తగ్గించింది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఇలాంటి తాత్కాలిక అతుకులతోనే నడిచింది. 2026లో కన్వర్షన్ ఫ్యాక్టర్ 33.40కి పెరిగింది. ప్రత్యామ్నాయ చెల్లింపు పథకాల్లో అర్హత సాధించినవాళ్లకి 33.57. ఈ పెరుగుదలలో రెండున్నర శాతం 2025 జులైలో వచ్చిన చట్టం 2026కి మాత్రమే ఇచ్చింది. మళ్లీ చట్టం చేయకపోతే 2027లో అది ఉండదు. కాబట్టి 2026 రేటు చూసి జీతం పెంచుతామంటే సంతోషమే గానీ, ఆ పెంపు బేసిక్ జీతంలో కలిపారా, ఒకసారి ఇచ్చే బోనస్‌గా పెట్టారా అన్నది కాగితం మీద చూసుకోండి.

కన్వర్షన్ ఫ్యాక్టర్ కంటే నిశ్శబ్దంగా కోసేవి ఇంకా మూడు ఉన్నాయి. ఒకే రోజు ఒకే పేషెంట్‌కి ఒకటి కంటే ఎక్కువ యూనిట్లు (సుమారు పదిహేను నిమిషాల పనికి ఒక యూనిట్) చేస్తే, ఖర్చు భాగం ఎక్కువగా ఉన్న ఒక్క యూనిట్‌కే పూర్తి డబ్బు. మిగతా యూనిట్లన్నిటికీ ఆ ఖర్చు భాగంలో సగం కోస్తారు. 2013 ఏప్రిల్ నుంచి ఇదే పద్ధతి. రెండోది, 2022 జనవరి నుంచి ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ చేసిన సేవకి 85 శాతమే చెల్లింపు. క్లెయిమ్‌లో కోడ్ పక్కన సీక్యూ అనే గుర్తు (మోడిఫైయర్) పెట్టేది అందుకే. మూడోది సీక్వెస్ట్రేషన్ పేరుతో మెడికేర్ ఇచ్చే వాటాలో కోసే రెండు శాతం.

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఒక యూనిట్ విలువ వంద డాలర్లు అనుకోండి. (నిజంగా వచ్చేది ఇందులో దాదాపు మూడో వంతే, లెక్క తేలిక కోసం అంతే.) శ్రమకి 50, ఖర్చుకి 48, బీమాకి 2. మూడు యూనిట్లు చేశారు. మొదటిదానికి 100. రెండోదానికి, మూడోదానికి ఖర్చు భాగంలో 24 చొప్పున పోయి 76, 76. మొత్తం 252. ఇందులో మెడికేర్ వాటా 80 శాతం, అంటే 201.60. రెండు శాతం పోతే 197.57. ఇదే పని మొత్తం అసిస్టెంట్ చేస్తే 171.36, అందులోనూ రెండు శాతం పోగా 167.93. మిగతా ఇరవై శాతం పేషెంట్ గానీ, అతని సప్లిమెంట్ బీమా గానీ కట్టాలి. పైగా ఏడాది మొదట్లో డిడక్టిబుల్, 2026లో 283 డాలర్లు, పేషెంట్ జేబులోంచే రావాలి. జనవరి, ఫిబ్రవరిల్లో క్లినిక్‌లకి డబ్బు నెమ్మదిగా వచ్చే కారణాల్లో ఇదొకటి. "మూడు వందల బిల్లు వేశాం కదా" అనుకునే థెరపిస్టుకీ, "నూట అరవై ఎనిమిదే వచ్చింది" అని తల పట్టుకునే మేనేజరుకీ మధ్య తేడా ఇక్కడే పుడుతుంది.

ఇప్పుడు మొదట చెప్పిన "ఇంకో ఇద్దరు పేషెంట్లు" దగ్గరికి వద్దాం. మీ క్లినిక్ ఆదాయంలో మెడికేర్ వాటా ముప్ఫై శాతం అనుకోండి. రేటు మూడు శాతం తగ్గింది. మొత్తం ఆదాయం మీద దాని ప్రభావం ఒక శాతం కంటే తక్కువ. రోజుకి పదిమందిని చూసే మీకు మరో ఇద్దర్ని కలిపితే పని పెరిగింది ఇరవై శాతం. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి, గొంతు పెంచకుండా, మేనేజర్ ముందు పెట్టండి. చాలా ప్రైవేటు బీమాలు తమ రేట్లని మెడికేర్ పట్టికని చూసే రాసుకుంటాయి కాబట్టి అసలు నష్టం ఒక శాతం కంటే ఎక్కువ ఉండొచ్చు. ఆ మాట ఆయన అంటే ఒప్పుకోండి, ఏయే బీమాలో, ఎంతో చెప్పమని అడగండి. మెడికేర్ వాటా ఎంత, సగటున విజిట్‌కి ఎన్ని యూనిట్లు, డినై అయిన క్లెయిమ్‌లు ఎన్ని – ఈ మూడూ ప్రతి థెరపిస్టూ అడిగి తెలుసుకోవాల్సిన అంకెలు. మూడోది నేను మరీ నొక్కి చెబుతాను. చేసిన పనికి డబ్బు రాకపోవడం వల్ల పోయేది రేటు తగ్గడం వల్ల పోయేదాని కంటే ఎక్కువగా ఉన్న చోట్లు ఉంటాయి. అక్కడ మందు ఇంకో పేషెంట్ కాదు, సరైన నోట్.

నోట్ అంటే చాలామందికి విసుగు. రాత్రి ఇంటికొచ్చి పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ తెరిచి రాసుకునేది. కానీ ఆడిట్ చేసేవాడికి మీరు కనబడేది ఆ నోట్‌లోనే. మెడికేర్ నోట్‌లో ఆ రోజు టైమ్డ్ కోడ్‌ల (నిమిషాల లెక్కన బిల్లు చేసేవాటి) మొత్తం నిమిషాలు, మొత్తం చికిత్స నిమిషాలు రెండూ ఉండి తీరాలి. పది చికిత్స రోజులకి ఒకసారి ప్రోగ్రెస్ రిపోర్టు రావాలి. దాన్ని అసిస్టెంట్ రాస్తే చెల్లదు, థెరపిస్టే రాయాలి. ప్లాన్ ఆఫ్ కేర్‌కి ఒకసారి సర్టిఫికేషన్, అంటే డాక్టర్ ఆమోదం, వస్తే అది గరిష్ఠంగా తొంభై రోజులు చెల్లుతుంది. ఇందులో 2025 నుంచి ఒక మేలు జరిగింది. డాక్టర్ సంతకం, తేదీ ఉన్న రెఫరల్ మీ ఫైల్లో ఉండి, మొదటి పరీక్ష జరిగిన ముప్ఫై రోజుల్లోపు మీరు ప్లాన్‌ని ఆయనకి పంపినట్టు రుజువు ఉంటే, ఆ మొదటి ప్లాన్ మీద ఆయన సంతకం కోసం వారాల తరబడి ఫ్యాక్సులు పంపుతూ కూర్చోనక్కర్లేదు. పంపిన రుజువు మాత్రం దాచుకోండి. రెఫరల్ లేకుండా నేరుగా వచ్చిన పేషెంట్‌కి ఈ వెసులుబాటు లేదు. మళ్లీ సర్టిఫికేషన్ తీసుకునేటప్పుడు కూడా సంతకం కావాల్సిందే.

నిమిషాల లెక్కలో తప్పు చాలా సులువుగా జరుగుతుంది. మెడికేర్‌లో ఎనిమిది నుంచి ఇరవై రెండు నిమిషాల దాకా ఒక యూనిట్, ఇరవై మూడు నుంచి ముప్ఫై ఏడు దాకా రెండు, ముప్ఫై ఎనిమిది నుంచి యాభై రెండు దాకా మూడు. వ్యాయామం ఇరవై నాలుగు నిమిషాలు, మాన్యువల్ థెరపీ ఎనిమిది నిమిషాలు చేశారనుకోండి. విడివిడిగా చూస్తే రెండు, ఒకటి, మొత్తం మూడు అనిపిస్తుంది. కానీ మొత్తం ముప్ఫై రెండు నిమిషాలే, కాబట్టి రెండు యూనిట్లే. కొన్ని ప్రైవేటు బీమాలు విడివిడి లెక్కని ఒప్పుకుంటాయి. అక్కడ అలవాటైన చెయ్యి ఇక్కడ కూడా మూడు వేస్తుంది. ఒకసారి జరిగితే పొరపాటు, దిద్దుకోవచ్చు. ఏడాది పొడుగునా జరిగితే ఆడిటర్ దాన్ని పొరపాటు అనడు.

అంతకంటే ప్రమాదం, ఒకే సమయంలో ఇద్దరు మెడికేర్ పేషెంట్లని పెట్టుకుని ఇద్దరికీ విడివిడిగా వ్యక్తిగత చికిత్స బిల్లు చేయడం. ఒకరికి బ్యాండ్ ఇచ్చి, ఇంకొకరి మోకాలు వంచుతూ ఉంటే ఆ నిమిషాలు ఇద్దరి ఖాతాలోనూ పడవు. ఆ పనికి గ్రూప్ కోడ్ 97150 ఉంది. అలాగే ఎయిడ్ చేయించిన వ్యాయామానికి మెడికేర్ పైసా ఇవ్వదు, ఆయన ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే. "ఇక్కడ అందరూ ఇలాగే చేస్తారు" అని కొత్తగా చేరినవాళ్లకి చెబుతారు. వీసా మీద ఉన్నవాళ్లు ఎదురు చెప్పడానికి భయపడతారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద పోయిన డబ్బుకి మూడు రెట్లు, ఆ పైన ఒక్కో క్లెయిమ్‌కీ వేరే జరిమానా పడుతుంది. ఆ చట్టం క్లినిక్ యజమానితోనే ఆగదు. తెలిసి తప్పుడు నోట్ రాసిన మనిషి దాకా రాగలదు. యజమాని క్లినిక్ మూసేసి ఇంకో వ్యాపారం పెట్టుకుంటాడు. మీ లైసెన్సు మీద పడ్డ మచ్చ ప్రతి రాష్ట్రానికీ మీతోనే వస్తుంది. మీరు చేయని నిమిషాలకి సంతకం పెట్టమంటే పెట్టకండి. అడిగిన మాటని ఈమెయిల్‌లో మర్యాదగా తిరిగి రాయండి: "ఈరోజు ఈ పేషెంట్‌కి నేను చేసింది ఇరవై రెండు నిమిషాలు, అందుకని ఒక యూనిట్ రాశాను." అంత చాలు.

అసిస్టెంట్ల విషయంలో 2025 జనవరి నుంచి వచ్చిన మార్పు ప్రైవేటు ప్రాక్టీసులకి పెద్ద ఊరట. అంతకు ముందు మెడికేర్ పేషెంట్‌కి అసిస్టెంట్ చికిత్స చేస్తుంటే థెరపిస్టు సాధారణంగా అదే క్లినిక్‌లో ఉండాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోన్లో అందుబాటులో ఉంటే సరిపోతుంది. మీ రాష్ట్ర చట్టం ఇంకా కఠినంగా ఉంటే మాత్రం రాష్ట్ర చట్టమే పాటించాలి. సీక్యూ మోడిఫైయర్ ఎక్కడ పడుతుందో కూడా తెలిసి ఉండాలి. థెరపిస్టు, అసిస్టెంట్ ఇద్దరూ కలిసి ఒకేసారి ఒక పేషెంట్‌కి చేసిన నిమిషాలు థెరపిస్టు నిమిషాలే, వాటికి కోత లేదు. చివరి యూనిట్‌లో థెరపిస్టు ఒక్కడే ఎనిమిది నిమిషాలు చేసి ఉంటే, అసిస్టెంట్ కొన్ని నిమిషాలు చేసినా ఆ యూనిట్‌కి సీక్యూ అక్కర్లేదు. ఇది తెలియని బిల్లింగ్ వాళ్లు భయంతో అన్నిటికీ సీక్యూ తగిలించి, న్యాయంగా రావాల్సిన డబ్బుని వదిలేస్తారు.

ఇక్కడ హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టుల్లో అమెరికా క్లినిక్‌ల బిల్లింగ్ చేసేవాళ్లకి ఒక మాట. థెరపీ క్లెయిమ్‌ల మీద పనిచేస్తుంటే మీ చేతుల్లో ఉన్నది ఎక్కడో ఒక చిన్న ఊళ్లో ఒకరిద్దరు థెరపిస్టుల జీతం. ఫిజికల్ థెరపీ క్లెయిమ్‌కి జీపీ మోడిఫైయర్ లేకపోతే అది తిరిగి వస్తుంది. ఏడాదిలో ఒక పేషెంట్‌కి ఫిజికల్ థెరపీ, స్పీచ్ థెరపీ కలిపి ఖర్చు ఒక గీత దాటితే కేఎక్స్ మోడిఫైయర్ పెట్టాలి. 2025లో ఆ గీత 2,410 డాలర్లు, 2026లో 2,480. అది మరిచిపోతే సీఓ-119 అని, పరిమితి అయిపోయిందని తిరిగొస్తుంది. సీఓ-50 అంటే వైద్య అవసరం రుజువు కాలేదని. అది మీరు దిద్దగలిగేది కాదు, థెరపిస్టు నోట్ కావాలి. సీఓ-197 అంటే ముందస్తు అనుమతి లేదని. సీఓ-29 వస్తే గడువు దాటిందని అర్థం. మెడికేర్‌లో సేవ చేసిన రోజు నుంచి ఏడాది లోపు క్లెయిమ్ పంపాలి. డినై అయితే మొదటి అప్పీలుకి నూట ఇరవై రోజులు. క్యూలో వెయ్యి క్లెయిమ్‌లు ఉన్నప్పుడు పాతవి ముందు తీయడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే గడువు దాటిన క్లెయిమ్‌ని దేవుడు కూడా తిరిగి తేలేడు.

కేఎక్స్ గీత గురించి థెరపిస్టుల్లో ఒక పాత భయం ఇంకా పోలేదు. 1997 చట్టంతో థెరపీకి ఏడాదికి ఇంతే అని పరిమితి పెట్టారు. దాన్ని చాలాసార్లు వాయిదా వేసి, మినహాయింపులు పెట్టి నడిపించి, చివరికి 2018లో తీసేశారు. ఇప్పుడున్నది పరిమితి కాదు. గీత దాటాక కూడా చికిత్స అవసరమైతే ఆ మాట నోట్‌లో రాసి కేఎక్స్ పెడితే డబ్బు వస్తుంది. మూడు వేల డాలర్లు దాటితే కొన్ని క్లెయిమ్‌లని ఎంచి తనిఖీ చేయవచ్చు, అన్నిటినీ కాదు. అయినా కొన్ని చోట్ల గీత దగ్గరికి రాగానే పేషెంట్‌ని డిశ్చార్జ్ చేసేస్తారు. అలాగే "ఇక మెరుగుపడటం లేదు కాబట్టి మెడికేర్ ఇవ్వదు" అని పార్కిన్సన్స్, పక్షవాతం పేషెంట్లని పంపేస్తుంటారు. ఇది తప్పు. 2013లో జిమ్మో కేసు రాజీతో ఈ సంగతి తేలిపోయింది. పేషెంట్ మెరుగుపడకపోయినా, ఉన్న స్థితి జారిపోకుండా కాపాడటానికి థెరపిస్టు నైపుణ్యం నిజంగా అవసరమైతే మెడికేర్ ఇస్తుంది. ఆ నైపుణ్యం ఎందుకు అవసరమో, ఇంట్లో వాళ్లు చేయిస్తే ఎందుకు చాలదో నోట్‌లో రాయాలి. 2021 నుంచి ఈ మెయింటెనెన్స్ థెరపీని అసిస్టెంట్ కూడా చేయవచ్చు. ఈ ఒక్క విషయం మీద మాత్రం నేను రాజీ పడలేను. డబ్బు రాదన్న అపోహతో నడవగలిగే పెద్దమనిషిని మంచానికి వదిలేయడం ఈ వృత్తికి తగదు.

పెద్దవాళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. గ్రీన్ కార్డు మీద వచ్చి, అయిదేళ్లు వరసగా అక్కడే ఉండి, అరవై అయిదు దాటిన మన అమ్మానాన్నలు నెలనెలా ప్రీమియం కట్టి పార్ట్ బీ తీసుకోవచ్చు. వాళ్లు క్లినిక్‌కి వస్తే భాష అడ్డం, ఇంటికెళ్లాక వ్యాయామం చేయించేది కోడలో కొడుకో. 2024 నుంచి కుటుంబసభ్యులకి నేర్పే పనికి 97550, 97551, 97552 కోడ్‌లు ఉన్నాయి. పేషెంట్ ఒప్పుకుంటే, పేషెంట్ ఆ గదిలో లేకపోయినా బిల్లు చేయవచ్చు. తెలుగు కుటుంబాలు వచ్చే క్లినిక్‌లో పనిచేసేవాళ్లు ఈ కోడ్‌లని తప్పకుండా వాడుకోవాలి. చేస్తున్న పనే, ఇప్పటిదాకా ఉచితంగా చేస్తున్నారు.

వీడియో ద్వారా చికిత్స మాత్రం ఆచితూచి చేయండి. ఫిజికల్ థెరపిస్టులకి ఆ అనుమతి కోవిడ్ కాలంలో తాత్కాలికంగా వచ్చింది. పార్లమెంటు దాన్ని కొంతకాలం, కొంతకాలం అంటూ పొడిగిస్తూ వచ్చింది. 2025 అక్టోబర్ 1న ప్రభుత్వం మూతపడినప్పుడు ఆ అనుమతి కూడా ఆగింది, నవంబర్‌లో వెనకటి తేదీతో తిరిగి ఇచ్చారు. మధ్యలో చేసినవాళ్లు డబ్బు వస్తుందో రాదో తెలియక గడిపారు. వీడియో విజిట్లే ఆధారంగా ఉన్న ఉద్యోగం ఒప్పుకునే ముందు, అనుమతి ఏ తేదీ దాకా ఉందో మీ ప్రాంతపు మెడికేర్ కాంట్రాక్టర్ దగ్గర చూసుకోండి. టెక్సాస్, న్యూజెర్సీలకి నోవిటాస్, కాలిఫోర్నియాకి నొరిడియన్, మిషిగన్‌కి డబ్ల్యూపీఎస్, జార్జియాకి పామెట్టో జీబీఏ.

మెడికేర్ ఉన్నవాళ్లలో ఇప్పుడు సగానికి పైగా ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్‌లో ఉన్నారు. వాటి రేట్లు ఒప్పందాన్ని బట్టి ఉంటాయి. అసలు తలనొప్పి ముందస్తు అనుమతి. 2026 జనవరి నుంచి ఈ ప్లాన్లు మామూలు అభ్యర్థనకి ఏడు రోజుల్లో, అత్యవసరానికి డెబ్భై రెండు గంటల్లో జవాబు చెప్పాలి. కాదంటే కారణం స్పష్టంగా చెప్పాలి. ఫ్రంట్ డెస్క్‌లో ఉన్నవాళ్లు అభ్యర్థన పంపిన తేదీ రాసుకుని ఎనిమిదో రోజు ఫోన్ చేయడం అలవాటు చేసుకుంటే పేషెంట్‌కి మధ్యలో చికిత్స తెగిపోదు.

సొంత క్లినిక్ పెట్టాలనుకునేవాళ్లకి, ముఖ్యంగా "బీమాల గొడవ వద్దు, నగదు తీసుకుందాం" అనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. డాక్టర్లలాగా ఫిజికల్ థెరపిస్టులు మెడికేర్ నుంచి ఆప్ట్ అవుట్ చేయలేరు. మెడికేర్ కవర్ చేసే చికిత్సని మెడికేర్ పేషెంట్‌కి చేసి, క్లెయిమ్ పంపకుండా జేబులోంచి డబ్బు తీసుకోవడం కుదరదు. చికిత్స వైద్యపరంగా అవసరం కాదని మెడికేర్ నిరాకరించవచ్చు అనిపిస్తే, అప్పుడు డబ్బు పేషెంటే కట్టాల్సి రావచ్చని తెలిపే ఏబీఎన్ కాగితం మీద ముందుగా పేషెంట్ సంతకం తీసుకుని జీఏ మోడిఫైయర్ పెట్టి పంపాలి. ఆ కాగితాన్ని ప్రతి పేషెంట్ చేతా మొదటి రోజే సంతకం చేయించి ఫైల్లో పెడితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అలా గుంపుగా తీసుకున్నవి చెల్లవు.

ఇక హెచ్-1బి మీద ఉన్నవాళ్ల సంగతి. రేట్లు తగ్గి క్లినిక్ ఖాళీగా ఉన్నప్పుడు మొదట కోసేది వీళ్ల గంటల్నే, ఎందుకంటే వీళ్లు నోరు మెదపరని యజమానులకి తెలుసు. చట్టం వేరే చెబుతోంది. మీ పిటిషన్‌తో దాఖలైన లేబర్ కండిషన్ అప్లికేషన్‌లో రాసిన జీతాన్ని పేషెంట్లు లేకపోయినా యజమాని ఇవ్వాలి. "ఈ వారం పేషెంట్లు లేరు, ఇంట్లో ఉండు, జీతం లేదు" అనడానికి వీల్లేదు. ఫుల్ టైమ్ నుంచి పార్ట్ టైమ్‌కి మార్చాలంటే ముందు సవరణ పిటిషన్ వేయాలి. మీరు మామూలుగా రోజూ వెళ్లొచ్చే దూరం దాటి వేరే ప్రాంతపు క్లినిక్‌కి పంపాలన్నా అంతే. జీతం ఎగ్గొడితే డబ్ల్యూహెచ్-4 ఫారంతో కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు, పన్నెండు నెలల లోపు. ఉద్యోగం పోతే అరవై రోజుల దాకా, లేదా ఐ-94 గడువు దాకా, ఏది ముందైతే అప్పటి వరకు సమయం ఉంటుంది.

మీకొక బలం కూడా ఉంది. నర్సులతో పాటు ఫిజికల్ థెరపిస్టులని అమెరికా షెడ్యూల్ ఏ జాబితాలో పెట్టింది. అంటే గ్రీన్ కార్డుకి మిగతావాళ్లలాగా కార్మిక శాఖ ధృవీకరణ అక్కర్లేదు, కొత్త యజమాని అది లేకుండానే దరఖాస్తు వేయవచ్చు. భారతీయుల వరస చాలా పొడుగున్నది నిజమే. కానీ పాత పిటిషన్ ఆమోదం పొంది ఉంటే ఆ ప్రయారిటీ తేదీ సాధారణంగా మీతోనే వస్తుంది. తప్పుడు బిల్లింగ్ చేయమనే చోట ఇరుక్కుపోయామని అనుకునేవాళ్లు రాజీనామాకి ముందు ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో అరగంట మాట్లాడితే, తలుపు అనుకున్నంత గట్టిగా మూసి లేదని తెలుస్తుంది.

జీతం మాట్లాడుకునే చోట కూడా ఇదే లెక్క పనికొస్తుంది. విజిట్‌కి ఇంత అని ఇచ్చే ఉద్యోగాల్లో రేటు పడినప్పుడల్లా నష్టం మీ వైపు జారుతుంది. నెల జీతంలో ఆ నష్టం యజమాని భరిస్తాడు. బోనస్‌ని యూనిట్లకి ముడిపెట్టే ఒప్పందం కంటే, సమయానికి పూర్తయిన నోట్‌లకి, పూర్తి చికిత్స తీసుకున్న పేషెంట్ల సంఖ్యకి ముడిపెట్టేది మేలని నేను నమ్ముతాను. యూనిట్లకి బోనస్ పెడితే మంచివాళ్ల చెయ్యి కూడా మూడో యూనిట్ వైపు వెళుతుంది.

ఏటా వేసవిలో, సాధారణంగా జులైలో, వచ్చే ఏడాది ఫీజుల ముసాయిదాని మెడికేర్ సంస్థ విడుదల చేస్తుంది. అరవై రోజులు అభిప్రాయాలు తీసుకుంటుంది. నవంబర్ ప్రాంతంలో తుది రూపం వస్తుంది, జనవరి 1 నుంచి అమలు. అభిప్రాయం రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు, గ్రీన్ కార్డు అక్కర్లేదు. అసిస్టెంట్ల పర్యవేక్షణ, ప్లాన్ మీద సంతకం విషయాల్లో నిబంధన మారింది ఈ దారిలోనే. ఈసారి ముసాయిదా వచ్చినప్పుడు మీ క్లినిక్‌లో ఏం జరుగుతోందో, ఏ పేషెంట్‌కి చికిత్స ఎందుకు ఆగిపోయిందో, పేరు చెప్పకుండా, ఒక పేజీ రాసి పంపండి. మీ పక్కనున్న తెలుగు థెరపిస్టు చేత కూడా రాయించండి.